తోడేళ్ళతో పీక్ పవర్ తగ్గిస్తారట!

మిణుగురులు, తేనెటీగలు, కోకిలలు, గబ్బిలాలు, తోడేళ్ళు, తిమింగలాలు. ఇదేదో పంచతంత్రం అనుకునేరు. ఓఎఫ్‌డీఎమ్ సిగ్నల్లో పీక్ పవర్ తగ్గిస్తామంటూ జర్నళ్ళలోనూ, మన ఎంటెక్ ప్రాజెక్టుల్లోనూ దిగిన జంతుజాలం ఇది. మ్యాట్‌లాబ్ గ్రాఫులో ఎర్ర గీత నీలం గీతకి కాస్త ఎడమవైపు పడిందా, పేపరైపోయినట్టే. ఇందులో చాలాభాగం ఎవరికీ అక్కర్లేని పని అని నా వాదన. కోపం తెచ్చుకునే ముందు లెక్క చూడండి.

సమస్య మాత్రం నిజమైనదే. తిరుమల క్యూలో ఎవరి గోల వాళ్ళది, సగటున శబ్దం ఒక స్థాయిలో ఉంటుంది. అందరూ ఒక్కసారి గోవిందా అంటే? వందల క్యారియర్లు కలిపి పంపే సిగ్నల్ కూడా అంతే. ఎప్పుడో ఒకప్పుడు ఫేజులు కలిసొచ్చి పీక్ లేస్తుంది. దానికోసం ఆంప్లిఫయరుని బాగా తగ్గించి నడపాలి. క్లాస్ ఏ ఆంప్లిఫయరు పూర్తి పవర్ దగ్గర కూడా సిద్ధాంతం ప్రకారం 50 శాతం సామర్థ్యమే ఇస్తుంది. 10 డీబీ తగ్గించి నడిపితే 5 శాతం. అంటే 100 వాట్లు తాగి, 95 వాట్లు వేడి చేసి వదిలేస్తుంది. (బేస్ స్టేషన్లలో 1936 నాటి డోహర్టీ డిజైను వాడి కొంత ఆదా చేస్తారనుకోండి, అయినా గొడవ గొడవే.)

1997లో ముల్లర్, హ్యూబర్ పీటీఎస్ అనే పద్ధతి చెప్పారు. క్యారియర్లని కొన్ని బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుని ఒక్కో ఫేజుతో తిప్పి, పీక్ తక్కువొచ్చే కాంబినేషన్ ఎంచుకోవడం. 8 బ్లాకులు, 4 ఫేజులైతే 16,384 కాంబినేషన్లు. అన్నీ వెతకలేం కాబట్టి తోడేళ్ళని పిలుద్దాం అన్నారు మనవాళ్ళు. ఇక్కడే నా పేచీ.

256 క్యారియర్లు తీసుకుని, కాంబినేషన్లు ఒకదానికొకటి సంబంధం లేనివనుకుని, ఓవర్‌శాంప్లింగ్ పక్కన పెట్టి లెక్కేస్తే, ఏమీ చెయ్యకపోతే పీక్‌కీ సగటుకీ నిష్పత్తి మధ్యస్థంగా 7.7 డీబీ. గుడ్డిగా 64 ప్రయత్నాలు చేసి మంచిది ఎంచుకుంటే 6.1. 900 చేస్తే 5.5. 16,384 చేస్తే 5.1. నిజం పీటీఎస్‌లో అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ గీత వంపు మాత్రం ఇదే. అంటే 64 నుంచి 256 రెట్లు ఎక్కువ కష్టపడితే దక్కేది ఒక్క డీబీ! ఇప్పుడు 30 పక్షులతో 30 రౌండ్లు పార్టికల్ స్వార్మ్ నడిపారనుకోండి, అవి 900 ప్రయత్నాలు. కళ్ళు మూసుకుని పాచికలేసినా 5.5 వస్తుంది. ఎంత తెలివైన పక్షి అయినా 5.1 కిందకి పోలేదు. ఈ 0.4 డీబీ కోసమా ఇంత అడవి? చాలా పేపర్లలో పోలిక ఇంకో జంతువుతోనే గానీ పాచికలతో ఉండదు. ఎందుకుండదో మీరే ఊహించుకోండి.

పోనీ ఖర్చు చూద్దాం. ఎల్‌టీఈలో 3 మెగాహెర్ట్జ్ చానెల్‌కి 256 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ, సెకనుకి 14,000 సింబల్స్. నాలుగు రెట్లు ఓవర్‌శాంప్లింగ్ చేసి 900 ప్రయత్నాలంటే, 8 బ్లాకులు కలపడానికే సింబల్‌కి సుమారు 64 లక్షల కూడికలు, సెకనుకి 9 వేల కోట్లు. పీక్ తగ్గించి ఆంప్లిఫయరులో మిగిల్చిన కరెంటు ప్రాసెసరు తాగేస్తుంది. పైగా ఏ ఫేజులు వాడామో రిసీవరుకి చెప్పాలి, లేదా అది ఊహించుకోవాలి. ఫోనుకి తెలియకపోతే వచ్చిన డేటా చెత్తే.

మరి ఫీల్డులో ఏం చేస్తున్నారు? బేస్ స్టేషన్లో పీక్ కత్తిరించి, ఫిల్టరు చేసి, మిగిలిన వంకరని ప్రీడిస్టార్షన్‌తో సరిచేస్తారు. స్టాండర్డే క్యూపీఎస్‌కేకి 17.5 శాతం, 64 క్వామ్‌కి 8 శాతం దాకా తప్పు ఒప్పుకుంటుంది, ఆ బడ్జెట్‌ని తెలివిగా ఖర్చు పెడతారు. ఫోను బ్యాటరీ గురించి బెంగ వచ్చినప్పుడు ఎల్‌టీఈ వాళ్ళు అప్‌లింకులో మామూలు ఓఎఫ్‌డీఎమ్ వద్దని ఎస్‌సీ-ఎఫ్‌డీఎమ్ఏ పెట్టేశారు. సమస్యని పరిష్కరించడం కాదు, రాకుండా చేశారు.

ఆప్టిమైజేషన్ దండగ అనడం లేదండోయ్. టోన్ రిజర్వేషన్ చూడండి. కొన్ని క్యారియర్లలో డేటా పెట్టకుండా వదిలి, పీక్‌ని రద్దు చేసే సిగ్నల్ వాటిలో వేస్తారు. ఏం వెయ్యాలన్నది కాన్వెక్స్ సమస్య. లోకల్ మినిమమ్‌లో ఇరుక్కోవడమన్నదే ఉండదు, గ్రేడియంట్‌తో నాలుగు అడుగులేస్తే చాలావరకు పనైపోతుంది, రిసీవరు ఆ క్యారియర్లని పట్టించుకోనక్కర్లేదు. అందుకే డీవీబీ-టీ2 డిజిటల్ టీవీ స్టాండర్డులో దానికోసం సుమారు ఒక శాతం క్యారియర్లు కేటాయించారు. దీని మీద ప్రాజెక్టులెందుకు తక్కువ? కొంచెం లీనియర్ ఆల్జీబ్రా రావాలి. తోడేలుకి అదక్కర్లేదు, కోడు దొరుకుతుంది, పేరు మారిస్తే కొత్తదనం కూడా వచ్చేస్తుంది. ఈ రూపకాల పిచ్చి మీద 2015లోనే సోరెన్‌సెన్ అనే ఆప్టిమైజేషన్ పరిశోధకుడు చెడామడా రాశాడు. ఆ తర్వాతి ఏడాదే తిమింగలం వచ్చింది!

నాకు పిల్లల మీద కోపం లేదు. ఇంటర్వ్యూల్లో రెజ్యూమె నిండా ఈ ప్రాజెక్టు రాసుకొచ్చిన కుర్రాళ్ళని, నాలుగు రెట్లు ఓవర్‌శాంప్లింగ్ ఎందుకు చేశావు బాబూ అంటే బిక్కమొహం వేస్తారు. శాంపిళ్ళ మధ్యలో దాక్కున్న పీక్‌ని చూడాలంటే అది కావాలని వాళ్ళకెవరూ చెప్పలేదు. ఏడాది సమయం, బోలెడు ఫీజు పోసి నేర్చుకున్నది గీత గీయడం. దీనికి జవాబు చెప్పాల్సింది టాపిక్ ఇచ్చిన గైడూ, వైవాలో తలూపిన ఎక్స్‌టర్నలూను.

ఎక్స్‌టర్నలుగా వెళ్ళేవాళ్ళు ఈ టపా చదువుతుంటే ఒక్క ప్రశ్న అడగండి: అన్నే ప్రయత్నాలు గుడ్డిగా చేస్తే ఎంతొచ్చింది, ఆ గీత ఈ గ్రాఫులో ఏదీ? ఇక ఈ ఏడాది ప్రాజెక్టు మొదలెట్టేవాళ్ళకి: డీవీబీ-టీ2 డాక్యుమెంటు ఈటీఎస్ఐ సైట్లో ఉచితంగానే దొరుకుతుంది, పీక్ తగ్గించే భాగం కొద్ది పేజీలే.