మంచం కింది చుట్టం

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసినది ఇది:

"మాస్టారూ! దిక్కులేని కుక్కలను చేరదీసే సంఘం నుంచి మా నాన్నగారు ఒక కుక్కను తెచ్చారు. దాన్ని దత్తు తీసుకునేవారు దొరికేదాకా, రెండు నెలలు మేము సాకాలి. వచ్చి ఐదు రోజులైంది. అది మంచం కింది నుంచి బయటికి రాదు. మేము నిద్రపోయాక అన్నం తింటుంది. తమ్ముడు కాలు పట్టి లాగబోతే గుర్రుమన్నది. ఇదెందుకూ పనికిరాదు, తిరిగి ఇచ్చేద్దాం అంటున్నది అమ్మ. మేమింత ప్రేమగా చూస్తుంటే దానికి మామీద ప్రేమ ఎందుకు లేదు?"

అమ్మాయీ, ప్రేమ సంగతి తరవాత చూద్దాం. మీ చుట్టానికి ఇప్పుడున్నది భయం. ముందు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

కుక్కపిల్లకు పుట్టిన మూడో వారం మొదలు పన్నెండు, పద్నాలుగో వారం దాకా చాలా ముఖ్యమైన కాలం. ఆ రోజుల్లో చూసినవాటిని, విన్నవాటిని అది తన లోకంలోవిగా ఒప్పుకుంటుంది. ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అమెరికాలో దీన్ని పరీక్షించి, 1961లో ఫలితాలు ప్రకటించారు. ఎత్తయిన దడి కట్టిన పొలంలో కుక్కపిల్లలను మనుషుల పొడ లేకుండా పెంచారు. వేరువేరు వయసుల్లో కొన్నిటిని ఒక్కొక్క వారంపాటు బయటికి తెచ్చి మనుషులతో ఆడనిచ్చారు. తగిన వయసులో ఆ ఒక్క వారం దొరికిన పిల్లలు మనుషులకు మాలిమి అయినాయి. పద్నాలుగు వారాలదాకా మనిషి చెయ్యి సోకని పిల్లలు మాత్రం మనిషి కనిపిస్తే దూరం దూరం పోయాయి. వాటిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు సుమా! మనిషి అలవాటు కాకపోవడమే ఆ భయానికి చాలింది.

మీ కుక్కను లోగడ ఎవరైనా కొట్టి ఉండవచ్చు. అసలు కొట్టకపోయీ ఉండవచ్చు. వీధిలో పుట్టిన కుక్కకు కుక్కరు ఈల, మిక్సీ మోత, నెత్తిమీద తిరిగే ఫ్యాను, కాలు జారే నున్నటి గచ్చు, మెడలో పట్టీ అన్నీ కొత్తే. మంచం కిందయితే వెనక గోడ ఉంటుంది. ముందు వైపు మాత్రం కాపలా కాస్తే చాలు. అక్కడ చేరటం దాని తెలివే గాని పనికిమాలినతనం కాదు.

కుక్కకు నోరు లేదంటారు గాని, చూడనేర్చినవారికి దాని ఒళ్ళంతా నోరే. తోక కాళ్ళ మధ్య ముడుస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. మొహం పక్కకు తిప్పి, తెల్లగుడ్డు కనబడేటట్టు ఓరగా చూస్తుంది. ఇవన్నీ "దగ్గరికి రాకు" అనే మాటలే. వీటిని మనం వినిపించుకోకపోతే గుర్రుమంటుంది. అదీ వినకపోతే కరుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెత ఉన్నది గదా, దాన్ని నమ్మకండి. భయపడిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడా. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టటమూ తప్పే. గుర్రుమనటం బడిగంట వంటిది. గంట కొట్టవద్దని భయపెడితే, ఈసారి గంట కొట్టకుండానే కరుస్తుంది.

మరి ఈ భయం పోయేదెట్లా? దానికి దారి చూపిన పాత కథ ఒకటి మనుషుల పిల్లవాడిదే ఉన్నది. పీటర్ అనే మూడేళ్ళ లోపు బిడ్డకు కుందేలంటే హడలు. మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు వాడికి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటుండగా పంజరంలో ఉన్న కుందేలును దూరంగా ఉంచేది. రోజురోజుకూ, వాడు బెదరనంత మేరకే, పంజరాన్ని దగ్గరికి జరిపేది. కుందేలంటే భయం లేని పిల్లలను కూడా వాడి దగ్గర ఆడనిచ్చేది. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు. అది తన వేళ్ళు కొరుకుతుంటే ఊరుకున్నాడు! 1924లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. భయపడే కుక్కలకు నేటికీ వాడే పద్ధతి ఇదే. మీ ఇంట్లో పీటర్ స్థానం కుక్కది. కుందేలు ఎవరనుకున్నారు? మీరే!

కాబట్టి కుందేళ్ళు పాటించవలసిన నియమాలు చెబుతాను:

1. మంచం కింద చెయ్యి పెట్టవద్దు, కుక్కను లాగవద్దు. అక్కడ పాత దుప్పటి పరిచి, దగ్గర్లో నీళ్ళు పెట్టండి. తినేటప్పుడూ, పడుకున్నప్పుడూ దాని జోలికి పోవద్దు.

2. పెద్దవాళ్ళు గదిలో ఉండగానే, దూరంగా, పక్కకు తిరిగి నేలమీద కూర్చోండి. కళ్ళలోకి తేరిపార చూడవద్దు, మీదికి వంగవద్దు, కావలించుకోవద్దు.

3. ఉడికించిన కోడిమాంసం ముక్కో, కోడిగుడ్డు ముక్కో దాని వైపు మెల్లగా విసరండి. చేతిలో పట్టుకుని రమ్మని ఆశపెట్టవద్దు. ఆశకు దగ్గరికి వచ్చిన కుక్క ముక్క అయిపోగానే మీరెంత దగ్గర ఉన్నారో చూసి ఇంకా బెదురుతుంది. అది ముందుకు వస్తే, ముక్కను దాని వెనక్కి విసరండి. వెనక్కి పోవచ్చునని తెలిసిన కుక్కే మళ్ళీ ముందుకు వస్తుంది.

4. మీ పాఠం అక్కడే కూర్చుని నెమ్మదిగా పైకి చదువుకోండి. అమెరికాలోని మిస్సోరీలో ఒక జంతు సంరక్షణ సంఘం పిల్లలకు ఇదే పని నేర్పింది. పిల్లలు కుక్కల గూళ్ళ ముందు కూర్చుని కథలు చదువుతారు. పిరికి కుక్క ముందుకు వస్తే ఒక ముక్క వేస్తారు. 2016లో పత్రికలన్నీ ఆ పిల్లలను మెచ్చుకున్నాయి.

ఈ నాలుగింటికీ సూత్రం ఒక్కటే: దూరం తగ్గించే హక్కు కుక్కదే. అది ఒక్క అడుగు తనంతట తాను వేస్తే, మీరు లాగి వేయించిన పది అడుగులకన్న ఎక్కువ.

ఇక తల్లిదండ్రులకు కొన్ని మాటలు.

అమ్మా, ఐదు రోజులకే తీర్పు చెప్పవద్దు. కొన్ని కుక్కలకు వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. అమెరికాలో విపరీతంగా భయపడే కుక్కలకోసమే పెట్టిన ఒక కేంద్రంలో, ఓపికగా శిక్షణ ఇస్తే నూటికి 80కి పైగా ఇంట్లో ఉండదగినవి అయినాయని 2022లో ప్రకటించారు. పీటర్‌కు తోటి పిల్లలు ఉపయోగపడినట్టే, బెదురులేని మరో కుక్క తోడుంటే పిరికి కుక్కకు ధైర్యం వస్తుంది. కొన్ని ఎన్నటికీ అందరి ఒళ్ళోకీ రావు. తమవారిని మాత్రం నమ్ముతాయి. అదీ తక్కువేమీ కాదు.

మొదటి రోజుల్లో వీధి తలుపూ, గేటూ రెండూ మూసి ఉంచండి. బెదిరిన కుక్క సందు దొరికితే పారిపోతుంది. మెడపట్టీమీద మీ ఫోను నంబరు రాయించండి. రేబిస్ టీకా సంగతి పశువైద్యుణ్ణి అడిగి, ఏటా తప్పకుండా వేయించండి. కుక్క కరిచినా గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పిల్లలూ, ఇట్లాంటిది జరిగితే పెద్దవాళ్ళ దగ్గర ఎన్నడూ దాచవద్దు.

కొన్నాళ్ళు సాకేవారి పని కుక్కను మురిపెం చేయటంతో అయిపోదు. దాన్ని గురించి తెలుసుకోవటం కూడా వారి పనే. దేనికి బెదిరింది, ఏది తిన్నది, ఎవరి దగ్గరికి వచ్చింది, రోజూ ఒక నోటుపుస్తకంలో రాయండి. దత్తు తీసుకునేవారికి ఆ పుస్తకం ఇవ్వండి, లోపాలు దాచవద్దు. కుక్క పది పదిహేనేళ్ళు బతుకుతుంది. ముద్దు తీరాక వదిలేయటానికి అది బొమ్మ కాదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల విషయంలో, దత్తు తీసుకోగోరేవారు అర్జీ పెట్టుకోవచ్చునన్నది. ఆ కుక్క మళ్ళీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత కూడా వారిదేనన్నది. మన హైదరాబాదులో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంఘాలున్నవి. దత్తు తీసుకోదలచినవారు ముందు అట్లాంటి చోటికి వెళ్ళి, ఇంటిల్లిపాదీ కుక్కను చూసి, ఇంటికి వచ్చి ఆలోచించుకుని, అప్పుడు ఊ అనండి.

అమ్మాయీ, ప్రేమ సంగతి అడిగావు గదా. అది మంచం కింద ఉండి మీ అడుగుల చప్పుడు, మీ గొంతులు నేర్చుకుంటున్నది. ఆ పాఠం పూర్తి కానివ్వు.

ఈ నెల పని: మీ కిటికీలోంచో, అరుగుమీంచో వీధిలోని ఒక కుక్కను పది నిమిషాలు గమనించండి. దగ్గరికి పోవద్దు, పిలవవద్దు, ఏమీ విసరవద్దు. మనిషి దగ్గరగా నడిచిపోయినప్పుడు దాని తోక, చెవులు, మూతి ఏమి చేసినవో ఐదు వాక్యాల్లో రాసి పంపండి. మంచివాటిని వచ్చే నెల ఇక్కడ చదువుకుందాం.