గద్దర్ పేరు కావాలి, గొంతు వద్దు

2025 జూన్ 14 సాయంత్రం మాదాపూర్ హైటెక్స్‌లో జరిగిన తమాషా మీరూ టీవీలో చూసే ఉంటారు. తెలంగాణ ప్రభుత్వం విప్లవ గాయకుడు గద్దర్ పేరిట సినిమా అవార్డులు పంచింది. ఉత్తమ నటుడు అల్లు అర్జున్, సినిమా పుష్ప 2. ముఖ్యమంత్రి చేతుల మీదుగా అవార్డు అందుకున్న హీరో ఆ ముఖ్యమంత్రినే అనుమతి అడిగి సినిమాలో డైలాగు చెప్పాడు. ఎర్రచందనం స్మగ్లర్ పాత్రకు గద్దర్ అవార్డు!

పాత్రకీ మనిషికీ తేడా తెలియని మూర్ఖుణ్ని కాను. నటుడు బాగా నటించాడు, అవార్డు ఇవ్వండి, పల్లకీలో ఊరేగించండి. నేనడిగేది వేరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలని చెప్పి 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. తమిళనాడు నుంచి పొట్ట చేతపట్టుకొచ్చిన పేదలు. గద్దర్ పాట పుట్టేది అలాంటి శవాల పక్కన. మీ అవార్డు పుట్టింది స్మగ్లర్ భుజం ఎగరేసిన చోట. ఈ తేడా ఆ హాలులో ఎవరికీ తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టనట్టు నటించారు. ఆ లెక్కన ఉత్తమ నటులు ముందు వరసలోనే డజను మంది తేలతారు.

ఇంకో సంగతి. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకి రాసిన పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దు పొమ్మన్నవాడు గద్దర్. సర్కారీ అవార్డును కాదన్న మనిషి పేరునే సర్కారీ అవార్డుకి పెట్టారు. బతికుండగా చేతికి అంటించలేకపోయిన మరకను చచ్చాక నుదుటికి పూశారు.

నేనుండేది చందానగర్. ఇక్కడి కుర్రాళ్లలో చాలామందికి గద్దరంటే ఇప్పుడొక రీలు, ముప్పై సెకన్ల గజ్జెల చప్పుడు. తూప్రాన్‌లో దళితుల ఇంట పుట్టిన గుమ్మడి విఠల్ ఇంజినీరింగ్ చదువు మధ్యలో వదిలేశాడని, కెనరా బ్యాంకులో గుమాస్తాగిరీ చేశాడని, నెలజీతం కాదనుకుని జననాట్యమండలి పాటతోనే ఉండిపోయాడని ఎంతమందికి తెలుసు? మనం లోన్ల కోసం బ్యాంకుల చుట్టూ తిరుగుతాం. ఆయన బ్యాంకులోంచే బయటికి నడిచాడు.

ఆ పాట ఎలా నడిచేదో కూడా చెప్పాలి, ఎందుకంటే హైటెక్స్ వేదిక మీద లేనిది సరిగ్గా అదే. గోచీ పంచె, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ చుట్టిన కర్ర. పల్లవి ఎత్తుకుంటాడు. డప్పు అందుకుంటుంది, వెనకున్న ఇద్దరు ముగ్గురు వంత పాడతారు. అంతలో పాట ఆపేస్తాడు. ముందు కూర్చున్న ఓ ముసలమ్మను పలకరిస్తాడు, ఆమె కొడుకు సంగతి అడుగుతాడు, మాట మాటగా ఉండగానే రాగంలోకి జారుతుంది, మళ్లీ పల్లవి వచ్చేసరికి అది ముసలమ్మ సొంత పల్లవి అయిపోతుంది. ఒగ్గుకథ, బుర్రకథ, యక్షగానం, అమ్మల జోలపాట, అన్నీ అందులో కలిసినవే. ఆ గొంతులో శాస్త్రం ఎంతుందని లెక్కలు తీసే సంగీత పండితులారా, మీ కచేరీకి ఎంతమంది వస్తారు? 1990లో అజ్ఞాతం వీడి నిజాం కాలేజీ మైదానానికి వచ్చిన గద్దర్‌ను చూడటానికి నేల ఈనినట్టు జనం వచ్చారు. పాసుల్లేవు, స్పాన్సర్లు లేరు.

1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లో ఆయన ఇంటికే వచ్చి దుండగులు కాల్చారు. ఒక తూటాను తీస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు వెన్నులోనే వదిలేశారు. దాంతోనే ఇంకో 26 ఏళ్లు ఎగిరి ఆడాడు. ఆ కాల్పుల మరుసటి సంవత్సరం, 1998 నవంబరులో, వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. మనం గొప్పగా చెప్పుకునే ఈ ఐటీ కారిడార్ వయసూ ఆ తూటా వయసూ దాదాపు ఒకటే. ఒకదాని పుట్టినరోజు మనకు గుర్తుంది. రెండోదాని గురించి అడిగితే నేల చూపులు. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. బూటకపు ఎన్‌కౌంటర్ల మీద జీవితమంతా పాడిన మనిషికి పోలీసు వందనం! అప్పుడు గద్దె మీదున్న పార్టీ వేరు. ఆ పార్టీ నాయకుడు గద్దర్‌ను తన అధికార నివాసం ప్రగతి భవన్ గేటు బయట కూర్చోబెట్టాడని ఇప్పటి పాలకులు వేదికల మీద కన్నీళ్లు పెడతారు. సరే, మీరు గేటు తీశారు. లోపల ఏం చేశారు?

2025 మార్చి 30న కంచ గచ్చిబౌలికి జేసీబీలు పంపారు. 400 ఎకరాల చెట్టూ పుట్టా. అడ్డం వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులను పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటేగాని జేసీబీలు ఆగలేదు. ఆ తర్వాత పది వారాలకు, అక్కడికి కొద్ది దూరంలోనే, గద్దర్ అవార్డులు. భూమి కోసం పాడినవాడి పేరు మీద పండుగ, భూమి కోసం నిలబడ్డ పిల్లలకు పోలీసు వ్యాను. సిగ్గనేది కూడా ఔటర్ రింగు రోడ్డు దాటి వెళ్లిపోయిందా?

ఒక మాటంటే మిత్రులకు కోపం వస్తుంది. రానీ. వీళ్లందరికంటే బండి సంజయ్ నయం. గద్దర్‌కు పద్మ పురస్కారం ఇచ్చేది లేదని, మా కార్యకర్తల్ని చంపిన నక్సల్ భావజాలం ఆయనదని ఆ కేంద్రమంత్రి మొహం మీదే చెప్పారు. ఆ మాటతో నాకు నూటికి నూరుపాళ్లు పేచీ ఉంది. కానీ ఆయన గద్దర్ పాటను విన్నారు, దాన్ని శత్రువుగా గుర్తించారు. పూలదండ వేసినవాళ్లు మాత్రం అసలు వినలేదు.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు. అమెరికాలో సోల్ గాయని నీనా సిమోన్‌ది కూడా ఇదే కథ. 1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోతే ఆమె కడుపుమంట పాటైంది. దక్షిణాది రేడియోలు ఆ పాట ముట్టుకోలేదు. కుర్రతనంలో ఆమెకు సీటివ్వని ఫిలడెల్ఫియా సంగీత విద్యాలయం 2003లో, ఆమె చావు మంచం మీదుండగా, గౌరవ పట్టా ఇచ్చింది. గొంతు ఇక లేవదని రూఢి అయ్యాక ఎవరైనా ఉదారులే.

ఇక మీ సంగతికి వద్దాం. అవును, మీ సంగతే. ఆగస్టు 6 రాగానే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో గద్దర్ ఫొటో పెట్టి దండం బొమ్మలు కుమ్మరిస్తారు. అదే గ్రూపులో సాయంత్రానికి ఇంకో మెసేజ్: పనిమనుషులు మన లిఫ్టు ఎక్కుతున్నారు, సెక్యూరిటీ ఏం చేస్తున్నట్టు? దానికింద పాతిక బొటనవేళ్లు. పొద్దున ఏడింటికి అడ్డా మీద నిలబడే వాళ్లను మీరు కారద్దంలోంచి చూసే ఉంటారు. నడుముకు తాపీ దోపుకుని, కవర్లో సద్దిగిన్నె పట్టుకుని, బైకు మీద మేస్త్రీ వచ్చి రెండు వేళ్లు చూపిస్తే పది మంది పరిగెత్తుతారు. గద్దర్ పాడింది వాళ్ల గురించి. మీరు హారన్ కొట్టేదీ వాళ్లమీదే. పక్కనే తెల్లాపూర్‌లో గద్దర్ విగ్రహానికి 2024లో అనుమతిచ్చారు. అక్కడి టవర్లు కట్టిన కూలీల్లో ఒక్కడైనా ఆ టవర్లలో ఒక గదికి అద్దె కట్టగలడా?

మీ జవాబు నాకు తెలుసు. గద్దరే చివరికి మారిపోయాడు కదా, గుళ్లకు వెళ్లాడు, 2018లో ఓటేశాడు, ఖమ్మం సభలో రాహుల్ గాంధీని కౌగిలించుకున్నాడు, మమ్మల్ని అంటావేం అని. నిజమే, ఇవన్నీ చేశాడు. పాత సహచరులు తిట్టారు, వాళ్లకు ఆ హక్కుంది, వాళ్లు కోల్పోయినవి అలాంటివి. నాకూ ఆ కౌగిలింత మింగుడుపడలేదు. కానీ వెన్నులో తూటా మోస్తూ అలిసిపోయినవాడి తడబాటును సాకుగా చూపి, ఒక్క అడుగు కూడా వేయని మీరు తప్పించుకుంటానంటే కుదరదు.

కాబట్టి పాలకులకు రెండే దార్లు. వచ్చే ఏడు అదే హైటెక్స్ వేదిక ఎక్కి, కంచ గచ్చిబౌలి విద్యార్థులను ముందు వరసలో కూర్చోబెట్టి, శేషాచలంలో చనిపోయిన 20 మంది పేర్లు చదివి, ఆ తర్వాత సినిమావాళ్లకు గద్దర్ అవార్డులు ఇవ్వండి. ఆ దమ్ము లేదా, పేరు మార్చేయండి. పుష్ప అవార్డులని పెట్టుకోండి, మేమెవరమూ అడగం.