మొంబాసా నుంచి డర్బన్ దాకా: నా ఓటు పాత ఇన్నోవాకే

పోస్టు పెద్దదే, ముందే చెప్పేస్తున్నాను. టీ పక్కన పెట్టుకుని చదవండి.

డర్బన్ ప్రయాణం మాట మొదలై ఆరు నెలలైంది. మొంబాసాలో బండి దించుకుని కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్‌వానా మీదుగా దక్షిణాఫ్రికా దాకా నడుపుకుంటూ పోవాలన్నది ఆలోచన. డర్బన్ ఎందుకో కొత్త సభ్యులకు ఒక్క ముక్కలో చెబుతాను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడికి చేరిన నాటి నుంచి చెరకు తోటల్లో పనికి గిర్మిట్ మీద వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మన తాతలు మగ్గం వదిలి బొంబాయి మిల్లుల్లోకి, అంతకుముందువాళ్ళు రాళ్ళు కొట్టే పనికి కామాఠీపురాకి ఎలా వచ్చారో, వాళ్ళు సముద్రం దాటి అలా వెళ్ళారు. ఒకసారి వెళ్ళి పలకరించి రావాలని మన పెద్దవాళ్ళకే ముందుగా అనిపించింది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు పేచీ బండి దగ్గర వచ్చింది. యువజన విభాగం తమ్ముళ్ళు పెట్టిన ప్రతిపాదన మీరంతా చూశారు. కొత్త డీజిల్ ఫోర్-బై-ఫోర్ పికప్ ఒకటి, దాని నెత్తిన మడత టెంటు, ముందు ఇనుప బంపరు, పక్కన ఊపిరి గొట్టం, వెనక అదనపు ట్యాంకు. ఐదుగురు బండిలో వెళ్తారు, మిగిలిన ఐదుగురు, అంటే నలుగురు పెద్దవాళ్ళూ వాళ్ళకు తోడు ఒకరూ, విమానంలో నేరుగా డర్బన్ చేరుకుంటారు. కాగితం మీద బాగుంది. బొమ్మ ఇంకా బాగుంది. నేను మాత్రం ఒప్పుకోను.

ముందు దారి చూద్దాం. మొంబాసా, నైరోబీ, ఆరుషా, డొడోమా, ఎంబేయా, టుండుమా, లుసాకా, లివింగ్‌స్టన్, కజుంగులా, ఫ్రాన్సిస్‌టౌన్, జోహన్నెస్‌బర్గ్, డర్బన్. మొత్తం రమారమి 5,200 కి.మీ. ఇందులో దాదాపు అంతా తారు రోడ్డే. కొన్నిచోట్ల గుంతలు, కొన్నిచోట్ల మరమ్మతులు ఉంటాయి, మన ముంబయి–గోవా రోడ్డు మీద నడిపినవాడికి అదేం కొత్త కాదు. జాంబెజీ నది మీద కజుంగులా దగ్గర ఒకప్పుడు బల్లకట్టు కోసం లారీలు రోజుల తరబడి నిలబడేవి. 2021లో అక్కడ వంతెన తెరిచారు. అంటే నది దాటడానికి కూడా ఊపిరి గొట్టం అక్కర్లేదు.

ఈ దారిలో అసలు ప్రమాదం బురద కాదు, లారీలు. టుండుమా సరిహద్దులో రాగి గనుల లారీల వరస, టాంజానియా కొండదారుల్లో ఎదురొచ్చే బస్సులు, చీకటి పడ్డాక బోట్స్‌వానాలో రోడ్డు మీద నిలబడే ఏనుగులు. చివర్న ఎన్-3 రహదారిలో వాన్ రీనెన్ కనుమ నుంచి డర్బన్ వైపు దిగుడు. పొగమంచు, లోడు లారీలు. అక్కడ కావలసింది మంచి బ్రేకులు, మంచి టైర్లు, తక్కువ బరువు, తొందర లేని డ్రైవరు. నెత్తిన టెంటు, ర్యాకు, డీజిల్ డబ్బాలు ఎక్కించిన పికప్ కనుమలో మలుపు తిరిగేటప్పుడు ఎలా ఊగుతుందో ఖండాలా ఘాట్‌లో తిరిగినవాళ్ళకు నేను చెప్పాలా?

ఇక ఇంజను సంగతి. ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే షోరూంలో ఎవరూ చెప్పరు. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. అప్పటి నుంచి అమ్మే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించకూడదు. కొత్త డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ అంటారు, ఆ శుభ్రమైన డీజిల్‌కి తగ్గట్టు తయారైంది. తూర్పు ఆఫ్రికా దేశాల ప్రమాణం 50 పీపీఎం. దక్షిణాఫ్రికా బంకుల్లో 50 రకం, 500 రకం రెండూ అమ్ముతూ వచ్చారు. గంధకం ఎక్కువున్న డీజిల్ పోస్తూ పోతే ఫిల్టరు పూడుకుపోవడం మొదలవుతుంది. ముందు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, తర్వాత బండి తనంతట తానే జోరు తగ్గించేసుకుంటుంది. కంప్యూటర్ పెట్టి చూడగలిగిన మెకానిక్ దొరికేదాకా అంతే. అతను ఎంబేయాలో దొరుకుతాడో, లుసాకా దాకా ఈడ్చుకుపోవాలో! ఒక్క ట్యాంకుతో ఇలా అయిపోతుందని కాదు. కానీ ఆ గండం మనం చేతులారా కొనుక్కోవడం ఎందుకు?

పాత ఇన్నోవా, అంటే 2016లో క్రిస్టా రాకముందు అమ్మినది, బీఎస్-4 బండి. ఆ బీఎస్-4 కోరే డీజిల్ 50 పీపీఎందే. దాని పొగగొట్టంలో డీపీఎఫ్ లేదు. లోపల ఉన్నది 2.5 లీటర్ల డీ-4డీ ఇంజను. ఆఫ్రికాలో ఆ తరం హైలక్స్ పికప్‌లలో టొయోటా ఇదే ఇంజను పెట్టింది. ఆ హైలక్స్‌లు కెన్యా నుంచి కేప్ దాకా ప్రతి ఊళ్ళో తిరుగుతున్నాయి. పైగా దక్షిణాఫ్రికాలో టొయోటా ఫ్యాక్టరీ ఉన్నది ఎక్కడో కాదు, డర్బన్ శివారు ప్రాస్పెక్టన్‌లోనే. దారిలో చిన్న ఊళ్ళో చెట్టు కింద పానాలు పరుచుకుని కూర్చున్న మిస్త్రీ ఇన్నోవా అనే పేరు విని ఉండకపోవచ్చు. బానెట్ ఎత్తగానే గుర్తుపడతాడు. నా లెక్కలో దృఢమైన బండి అంటే అదీ.

ఒక తమ్ముడు జర్మనీ గుంథర్ హోల్టార్ఫ్ ఉదాహరణ ఇచ్చాడు. మంచి ఉదాహరణే. ఆయన 1988 నాటి మెర్సిడెస్ జీ-వ్యాగన్‌లో పాతికేళ్ళకు పైగా ప్రపంచమంతా తిరిగి దాదాపు 9 లక్షల కి.మీ. నడిపాడు. ఆ బండి ఇప్పుడు స్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఉంది. కానీ తమ్ముడూ, ఆ ఇంజను శక్తి ఎంతనుకున్నావు? 88 గుర్రాలు! మన పాత ఇన్నోవాది 102. హోల్టార్ఫ్ నెగ్గింది గుర్రాలతో కాదు. విప్పితే అర్థమయ్యే ఇంజను, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే యజమాని, వెంట విడిభాగాలు. నువ్విచ్చిన ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది.

కాగితాల వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. బండిని పరాయి దేశంలోకి సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకుపోవాలంటే కార్నెట్ అనే పుస్తకం కావాలి. మనకు ఇచ్చేది ఇక్కడే ముంబయిలో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్. గడువు ఒక ఏడాది. బండి విలువను, వెళ్ళే దేశాలను చూసి దానికి తగ్గ హామీ సొమ్ము అడుగుతారు. సరిహద్దుల్లో లోపలికి వచ్చినప్పుడు ఒక ముద్ర, బయటికి పోయినప్పుడు ఒక ముద్ర పడాలి. బండి అక్కడే తగలబడినా, దొంగలెత్తుకుపోయినా, బయటికి పోయిన ముద్ర లేకపోతే సుంకం కట్టమని ఆ దేశం అడుగుతుంది. ఆ హామీ మన సంఘం డిపాజిట్ మీద ఇవ్వాలన్నది తమ్ముళ్ళ ప్రతిపాదనలోనే నాలుగో పేజీలో ఉంది. ఎందరు అక్కడిదాకా చదివారో తెలియదు. ఆ డిపాజిట్ నుంచే మన పిల్లలకు ఫీజు సాయం వెళ్తోంది. పదేళ్ళ ఇన్నోవాకి కట్టే హామీ ఎక్కడ, షోరూం వాసన పోని పికప్‌కి కట్టే హామీ ఎక్కడ?

ఓడ సంగతి కూడా ఇంతే. కంటైనర్ తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. పికప్ ఎత్తే 1.8 మీటర్లు, దాని మీద ర్యాకు, మడిచిన టెంటు పెడితే అంచుకు తగులుతుంది. ఊడదీసి లోపల సర్దాలి, మొంబాసాలో మళ్ళీ బిగించాలి. అదే ఇన్నోవా పొడవు 4.6 మీటర్ల లోపే. 40 అడుగుల కంటైనర్‌లో రెండు బండ్లు వరసగా పెట్టి కట్టేసినా ఇంకా చోటు మిగులుతుంది. నా ప్రతిపాదన అదే. రెండు పాత ఇన్నోవాలు, ఒక్కోదానిలో ఐదుగురు. మూడో వరస సీటు తీసేసి సామాన్లకు. రెండూ ఒకే మోడల్ కాబట్టి ఒకే రకం ఫిల్టర్లు, ఒకే బెల్టులు, ఒకే సైజు టైర్లు. ఒక బండి ఆగితే రెండోది లాగుతుంది, లేదా ఊళ్ళోకి పోయి మనిషిని తెస్తుంది. ఎంత గొప్ప పికప్ అయినా ఒంటరిగా పోతే ఆ ధైర్యం ఇవ్వగలదా?

ఇన్నోవాకి లోపాల్లేవా అంటే ఉన్నాయి. ఫోర్-బై-ఫోర్ లేదు, నేలకీ బండి కడుపుకీ మధ్య ఎడం 176 మిల్లీమీటర్లే. వానల్లో మట్టిదారి పడితే కూరుకుపోతుంది. కాబట్టి మట్టిదారి పడకూడదు, వానాకాలం పోకూడదు. మరి సెరెంగెటీ, సింహాలు? టాంజానియా పార్కుల్లో పరాయి దేశం నంబరు బండికి రుసుమే వేరు, ఎక్కువ. ఆరుషాలో మన బండి ఆపి, పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్‌ని డ్రైవరుతో సహా రెండు రోజులకు మాట్లాడుకుంటే సరి. ఏ గుంత ఎంత లోతో, ఏ చెట్టు కింద ఏ జంతువు పడుకుంటుందో అతనికి తెలుసు, మనకు తెలియదు.

ట్యాంకు చిన్నదంటారా? 55 లీటర్లు, లీటరుకు 11, 12 కిలోమీటర్లు వేసుకున్నా 600 కి.మీ. వస్తుంది. మన దారిలో ఊళ్ళు బాగా పలచబడేది కజుంగులా నుంచి నాటా దాకా, అది 300 కి.మీ. మధ్యలో పాండమాటెంగా ఉంది. బయలుదేరే ముందు ట్యాంకు నింపుకుంటే చాలు, నెత్తిన డీజిల్ డబ్బాలు మోయక్కర్లేదు.

జిమ్నీ అన్న అక్కకు కూడా జవాబు చెప్పాలి. ఇద్దరు వెళ్ళే పనైతే నేనూ జిమ్నీకే ఓటేసేవాణ్ణి. పెట్రోలు ఇంజను, తేలికైన బండి, డీపీఎఫ్ బాధ లేదు, బురదలోనూ పోతుంది. పదిమందికి, పదిమంది సామాన్లకు అది చాలదు, అంతే.

అద్దెకు తీసుకోవచ్చు కదా అన్నారు ఖజాంచీగారు. లెక్క వేస్తే అద్దె బండే చౌక పడొచ్చు, కాదనను. కానీ ఎం.హెచ్. నంబరు ప్లేటుతో, వెనకద్దం మీద తెలుగు అక్షరాలతో డర్బన్‌లో దిగాలన్న కోరిక ఉంది చూశారూ, అది లెక్కకు లొంగేది కాదు. నాకూ ఉంది. ఈ ఐదు దేశాల్లోనూ మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుస్తారు, మన కుడిచేతి స్టీరింగ్‌కి ఇబ్బందే లేదు. ఆ అదృష్టం యూరప్ వైపు పోయేవాళ్ళకు ఉండదు.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తాను. తమ్ముళ్ళూ, మీకు పెద్దవాళ్ళంటే గౌరవం లేదని నేననను. విమానంలో అయితే వాళ్ళకు సుఖం అనుకునే అలా రాశారు. కానీ పికప్ వెనక సీటుకి నిటారు వీపు, ఎత్తైన మెట్టు, రాత్రి పడుకోవడానికి నిచ్చెనెక్కే టెంటు. ఆ బండి ఎంచుకున్న క్షణంలోనే డెబ్బై దాటిన మన నలుగురు దిగిపోయినట్టు లెక్క. వాళ్ళను ఎవరూ వద్దనలేదు, బండి వద్దంది. ఇన్నోవాలో మధ్య సీటు మోకాలి ఎత్తులో ఉంటుంది. చీర కట్టుకున్న పెద్దమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగగలదు. రాత్రిళ్ళు టెంటు కాకుండా ఊళ్ళో లాడ్జి చూసుకుందాం, రోజుకు 350 కి.మీ. మించకుండా, చీకటి పడేలోపు ఆగిపోదాం. అలా అయితే ఆగే రోజులతో కలిపి మూడు వారాలు. మూడు వారాలు ఆ నలుగురితో ఒకే బండిలో కూర్చుంటే వాళ్ళ నోటి నుంచి వినేది మనం ఇన్నేళ్ళ వార్షికోత్సవాల్లో విన్లేదు.

నా ప్రతిపాదన ఒప్పుకుంటే చెయ్యాల్సిన పని చాలా ఉంది. ముంబయి ఉప్పుగాలికి, నాలుగు నెలల వానకి చాసిస్ తుప్పు పట్టిందో లేదో లిఫ్టు మీద ఎత్తి చూడాలి. పైన రంగు చూసి కొనొద్దు. ఆర్సీ గడువు కార్నెట్ గడువు దాటి ఉండాలి. బయలుదేరే ముందు టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు కొత్తవి వేయించాలి. డీజిల్ ఫిల్టర్లు బండికి నాలుగైనా వెంట ఉండాలి, ఎందుకంటే ఈ ఇంజను దుమ్ము, నీళ్ళు కలిసిన డీజిల్‌ని క్షమించదు. డ్రైవింగ్ చేసే ప్రతి ఒక్కరూ ఆర్టీవోలో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు పడాలి, ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే నిలబెడతారు.

ఆదివారం మీటింగులో చేతులెత్తే ముందు ఒక్క మనవి. ఆ నలుగురు పెద్దల్నీ పిలిపించండి. పికప్ ఒకటి, ఇన్నోవా ఒకటి ఆవరణలో పెడదాం, రెండూ మన సభ్యుల ఇళ్ళలోనే ఉన్నాయి. రెంటిలోనూ ఎక్కించి అరగంట అలా తిప్పి తీసుకొద్దాం. ఆ తర్వాత ఓటింగ్ పెట్టండి, మొదటి ఓటు వాళ్ళది.