లైబ్రరీ సెస్ కడుతున్నాం.. పుస్తకం ఉందో లేదో ఫోన్‌లో తెలిసేదెప్పుడు?

నిజాంపేట: ఆస్తి పన్ను కట్టేవాళ్లంతా దాంతోపాటు మరో పన్ను కూడా కడుతున్నారు. అదే లైబ్రరీ సెస్. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు. అంటే రూ.5 వేల పన్నుకు రూ.400. స్థానిక సంస్థలు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 2019లో మున్సిపల్ కార్పొరేషన్‌గా మారిన నిజాంపేటలో అపార్ట్‌మెంట్లు పెరుగుతున్న కొద్దీ సెస్ కూడా పెరగాల్సిందే. మరి పాఠకుడికి అందే సేవ సంగతేంటి?

పుస్తకం కోసం మెట్రో ఎక్కాలా?

ఐటీ కారిడార్ జనానికి కూరగాయల నుంచి క్యాబ్ దాకా అన్నీ ఫోన్‌లోనే. కానీ పాత తెలుగు పుస్తకం ఒకటి కావాలంటే? 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ గుర్తొస్తుంది. జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి వెళ్లాలి. తీరా వెళ్లాక ఆ పుస్తకం లేకపోతే ఓ పూట వృథా. ఇంట్లో కూర్చునే చూసుకోగలిగే ఆన్‌లైన్ కేటలాగ్ అవసరం ఇక్కడే. యూనివర్సిటీ, ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలకు ఇది కొత్తేమీ కాదు. ప్రతి శాఖా గ్రంథాలయానికీ చేరాల్సిన సేవ ఇది.

సాఫ్ట్‌వేర్ ఫ్రీనే..

ఖర్చు ఎక్కువవుతుందా అంటే సాఫ్ట్‌వేర్ వరకైతే కాదు. న్యూజిలాండ్‌లో పుట్టి 2000లో విడుదలైన ‘కోహా’ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మావోరీ భాషలో ఆ మాటకు అర్థం కూడా ‘కానుక’ అనే. మన దేశంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసిన ‘ఈ-గ్రంథాలయ’ ఉండనే ఉంది. అసలు చిక్కు పుస్తకాల వివరాలను అందులోకి సరిగ్గా ఎక్కించడంలో ఉంది.

స్కాన్ చేశారు.. కానీ దొరకలేదు

దీనికి పెద్ద ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామిగా ఉన్న ఈ ప్రాజెక్టులో వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కానీ పేర్లను ఇంగ్లీష్ అక్షరాల్లో, ఒక పద్ధతంటూ లేకుండా నమోదు చేశారు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’నే తీసుకోండి. ‘సాంఘిక’ను, ‘చరిత్ర’ను ఇంగ్లీష్‌లో నాలుగైదు రకాలుగా రాయొచ్చు. వెతికేవాడు ఒకలా, ఎక్కించినవాడు మరోలా రాస్తే పుస్తకం ఉన్నా లేనట్టే. చివరికి తెలుగు వికీపీడియా వాలంటీర్లు కూర్చుని తెలుగు లిపిలో జాబితాలు తయారు చేయాల్సి వచ్చింది. 2017లో ఆ సైట్ ఆగిపోయింది. వాటిలో చాలా పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అక్కడా అవే తప్పుల పేర్లు వెంటాడుతున్నాయి.

లైబ్రేరియన్ ఏం నేర్చుకోవాలి?

లైబ్రేరియన్ కోడింగ్ నేర్చుకోనక్కర్లేదు. మొదటిది యూనికోడ్ తెలుగు టైపింగ్. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కొట్టిన జాబితా తెరపై బాగానే కనిపిస్తుంది, సెర్చ్‌లో మాత్రం చిక్కదు. రెండోది మార్క్ 21. పేరు, రచయిత, ప్రచురణ వివరాలను ప్రపంచమంతా ఒకే తీరులో నమోదు చేసే పద్ధతి ఇది. ఇది వస్తే ఒక లైబ్రరీ రాసిన రికార్డును మరో లైబ్రరీ క్షణాల్లో కాపీ చేసుకోవచ్చు. మూడోది బార్‌కోడ్‌తో ఇచ్చిపుచ్చుకోవడం. పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడు తిరిగొస్తుందో అప్పుడే తెలుస్తుంది. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాళ్లకు ఈ ఒక్క సమాచారం చాలా విలువైనది.

ఒక్కరిపైనే వదిలేస్తే కష్టం

పేపర్లు సర్దడం, రిజిస్టర్ రాయడం, తాళం వేయడం.. ఒక్కరే ఉన్న శాఖా గ్రంథాలయంలో ఇవన్నీ ఆయన పనులే. వాటికి తోడు వేల పుస్తకాల ఎంట్రీ కూడా చేయమంటే కుదరదు. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఒక్కచోట తెలుగు రికార్డులు పక్కాగా తయారుచేసి అందరికీ ఇస్తే, శాఖల్లో తమ కాపీని జత చేసుకుంటే చాలు. అందుకు శిక్షణా కావాలి, డ్యూటీ వేళల్లో దానికి టైమూ ఇవ్వాలి. కంప్యూటర్లు కొనడంతో లెక్క తేలిపోయిందనుకుంటే అవి కవర్లు కప్పుకుని మూలన ఉంటాయి.

సేవ మారిందో లేదో తేల్చే పరీక్ష చాలా చిన్నది. నిజాంపేటలో సెస్ కట్టిన మనిషి ఫోన్‌లో తెలుగులో ‘సురవరం’ అని కొడితే, ఆ పుస్తకం ఏ లైబ్రరీలో, ఏ షెల్ఫ్‌లో ఉందో కనిపించాలి. అంతే!