పాట యెవరి ఆస్తి?

గాయకుని పేరెత్తగానే ‘ఆస్తి యెంత?’ అని అడిగేవారు మన విద్యార్థుల్లోనూ బయలుదేరారు. అది షావుకారు ప్రశ్న. నేను మరొకటి అడుగుతాను: ఆ పాట యెవరి ఆస్తి?

1962లో వాషింగ్టన్‌లో పుట్టిన ఇండీ రాక్ గాయకుడు ఇయాన్ మెకాయ్‌ని చూడండి. 1980లో సహచరులతో కలిసి డిస్‌కార్డ్ అనే సొంత రికార్డుల సంస్థ పెట్టాడు. బృందాలతో కాగితం మీద ఒప్పందాల్లేవు. లాభం పంచుకోవడమే పద్ధతి. 1987లో రంగమెక్కిన అతని ఫుగాజీ బృందం కచేరీకి టిక్కెట్టు సాధారణంగా 5 డాలర్లే వుండేది. బృందం పేరు చొక్కాల మీద అచ్చువేసి అమ్ముకోలేదు.

దీన్ని త్యాగమని పొగిడేవారితో నేనేకీభవించను. సన్యాసిని చేసి దండ వేస్తే మన బాధ్యత తీరిపోతుంది గదా! అతడు వదులుకున్నది డబ్బును కాదు, యజమానిని. ఉత్పత్తి సాధనాన్ని తన చేతిలో వుంచుకున్నాడు.

అంతమాత్రాన విప్లవం రాలేదు. 1991లో నిర్వాణా రికార్డు విజయం చూసి పెద్ద కంపెనీలు యిటువంటి బృందాల కోసం యెగబడ్డాయి. తిరుగుబాటు స్వరాన్నే సరుకు చేసి అమ్మాయి. వొక్క గాయకుని నిజాయితీ బజారును మార్చజాలదు.

కనుక మిత్రులారా, ఆస్తుల లెక్క కట్టిపెట్టండి. పాట పాడేవాడి చేతిలోనే నిలవాలంటే వ్యక్తి శీలం చాలదు, సంఘం కావాలి.