తప్పడం తప్పా?

వైశాఖమాసంలో భూపాలపల్లిలో మా మరిది కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. జనగామలో తెల్లవారకముందే బస్సెక్కి, హనుమకొండలో మారి, పరకాల మీదుగా చేరేసరికి పాలు పొంగించడం కాస్తా అయిపోయింది. మానుకోట నుంచి మా అక్క కూడా వచ్చింది. మహబూబాబాద్ అని స్టేషను బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మాకది మానుకోటే లెండి.

నలుగురు ఆడవాళ్ళు భోజనాల దగ్గర చేరితే ఏ మాటలు వస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ముందు చీరలు, తర్వాత బంగారం ధర, ఆ తర్వాత పిల్లలు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మా అక్క ముఖం చిన్నబోయింది.

"మీ బిడ్డ అమెరికాల ఏదో పరీక్ష తప్పిందట గదా వదినా? మల్ల రాస్తదట?" అంది ఒకావిడ, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"ఇంకేం పరీక్షలమ్మా! పెండ్లయి ఆరేండ్లాయె. చేతిల చిన్నపిల్ల ఉండె. మంచిగ ఉద్యోగం చేస్తనే ఉన్నది గదా!" అంది ఇంకొకావిడ.

మూడో ఆవిడ ఏమీ అనలేదు. "అయ్యో" అని మాత్రం అంది. ఆ అయ్యో ముందటి రెండు మాటలకంటే లోతుగా గుచ్చుకుంది. చేతులు కడుక్కునే చోట అక్క నా కొంగు పట్టుకుంది.

"నీ మాటయితే అది వింటది. ఇగ చాలు బిడ్డా అని ఫోన్ల జెర చెప్పు. నలుగుట్ల తలెత్తుకోలేక పోతున్న."

ఇంతకీ ఆ పిల్ల చేసిన ఘోరమేమిటో చెబుతాను వినండి. మా అక్క కూతురు సివిల్ ఇంజనీరు. షికాగోలో ఉంటుంది. భవనాల స్తంభాలకూ దూలాలకూ లెక్కలు కట్టే ఆఫీసులో ఉద్యోగం. ఆ ఇల్లినాయ్ రాష్ట్రంలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా డ్రాయింగు మీద సంతకం పెట్టాలంటే డిగ్రీ చాలదు, అనుభవం చాలదు. దానికని వేరే లైసెన్సు, ఆ లైసెన్సుకు ఒక పరీక్ష. 2024 నుంచి ఆ పరీక్షను కంప్యూటరు మీద నాలుగు భాగాలుగా పెడుతున్నారు. రెండు భాగాలు పైనుంచి కిందికి దిగే బరువుల మీద, రెండు భాగాలు పక్కనుంచి తోసే గాలి, భూకంపాల మీద. అన్నీ కలిపితే 20 గంటలు దాటే పరీక్ష. లోతుగా అడిగే పేపర్లలో నెగ్గేవాళ్ళకంటే తప్పేవాళ్ళే ఎక్కువ. మా అమ్మాయి మూడు భాగాలు నెగ్గింది. గాలి, భూకంపాల లోతు పేపరు ఒక్కటి తప్పింది. ఇప్పుడు చంటిది నిద్ర లేవకముందే, నాలుగింటికి లేచి దానికోసం చదువుకుంటోంది. ఇదీ నేరం!

నేను బి.ఏ. చదివినదాన్ని. బీమ్ అంటే నాకు చాలాకాలం మహాభారతంలో భీముడే. ఇంజనీరింగు సంగతి నీకెందుకమ్మా అని మీరడగవచ్చు. ఇంజనీరింగు తెలియకపోయినా, "తప్పింది" అన్న మాట మన ఇళ్ళల్లో ఆడపిల్ల మీద ఎలా పడుతుందో నాకు బాగా తెలుసు. మగపిల్లవాడు మళ్ళీ రాస్తే పట్టుదల. ఆడపిల్ల మళ్ళీ రాస్తే మొండితనం. పెళ్ళయిన ఆడపిల్ల మళ్ళీ రాస్తే ఇంటిమీద ధ్యాస లేకపోవడం!

అసలు మళ్ళీ రాయడమే తలవంపులయితే 2023లో మన ఊళ్ళకు ఊళ్ళే తలలు వంచుకోవలసింది. ఆ ఏడు మార్చి 5న పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టిన అసిస్టెంట్ ఇంజనీర్ల పరీక్ష పేపరు ముందే బయటికి పొక్కిందని తేలి, పరీక్ష రద్దయింది. జనవరిలో అయిపోయిన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ల పరీక్షకూ అదే గతి పట్టింది. రాసిన ప్రతి పిల్లా, పిల్లవాడూ మూసిన పుస్తకాలు మళ్ళీ తెరిచారు. అప్పుడు మనమంతా పాపమన్నాం. మరి ఎవరో చేసిన తప్పుకు మళ్ళీ రాస్తే జాలి, తన లోపం తాను తెలుసుకుని మళ్ళీ రాస్తే చిన్నచూపా?

మన పొరపాటు ఎక్కడుందో నాకు అక్కడే తట్టింది. మనకు అలవాటైన పరీక్షలన్నీ పోటీ పరీక్షలు. ఉన్న కుర్చీలు పది, వచ్చిన వాళ్ళు వెయ్యి. అక్కడ తప్పడమంటే పక్కవాడికి మార్కులు ఎక్కువ రావడం. ఈ లైసెన్సు పరీక్షలో పక్కవాడు లేడు. అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వు గీసిన గీత కింద నలుగురిని నిశ్చింతగా పడుకోబెట్టవచ్చా, లేదా?

ఆ ప్రశ్నకు అంత పట్టింపు ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1981 జూలై 17న అమెరికాలో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో, హాలు మీదుగా వేలాడదీసిన నడక వంతెనలు కూలి 114 మంది చచ్చిపోయారు. కారణం మన ఉట్టి భాషలోనే చెప్పవచ్చు. ఒకే పొడుగు తాడుకు పైన ఒక కుండ, కింద ఒక కుండ, దేని ముడి దానికే వేసి కట్టారనుకోండి. పై ముడి పై కుండ బరువే మోస్తుంది. అలా కాకుండా కింది కుండ తాడును తెచ్చి పై కుండ అంచుకు కడితే? ఆ అంచు రెండు కుండల బరువూ మోయాలి. అక్కడ జరిగింది అదే. మొదట అనుకున్న పొడుగు కడ్డీని రెండు ముక్కలు చేసి, కింది వంతెనను పై వంతెనకు తగిలించారు. చూడడానికి చిన్న మార్పు. దాన్ని ఆపవలసిన వాళ్ళు ఆపలేదు.

ఆ ఇంజనీర్లకు లైసెన్సులు లేవా అని మీరడుగుతారు. ఉన్నాయి. పరీక్ష నెగ్గినవాళ్ళు తప్పు చేయరని నేననను. కాని లైసెన్సంటూ ఉంది గనుక అది ఊడింది. తప్పు ఎవరిదో చెప్పడానికి కాగితం మీద ఒక పేరూ, తీసేసుకోవడానికి ఒక హక్కూ ఉన్నాయి.

మరి మన దగ్గరో? డాక్టరుకు రిజిస్ట్రేషను ఉంది. ప్లీడర్లకు 2010లో అఖిల భారత బార్ పరీక్ష తెచ్చారు. ఆర్కిటెక్టులకు 1972లోనే చట్టం వచ్చింది. ఇంజనీర్లకు మాత్రం దేశమంతటికీ అటువంటి లైసెన్సు పరీక్ష లేదు. డిగ్రీ, అనుభవం కాగితాలు చూసి మునిసిపాలిటీలు పేరు నమోదు చేసుకుంటాయి. ఇరవై ఏళ్ళ కింద నెగ్గిన డిగ్రీయే జీవితాంతం అభయహస్తం!

గృహప్రవేశమైన ఇల్లు ఉన్న భూపాలపల్లి జిల్లాలోనే మేడిగడ్డ ఉంది. గోదావరి మీద 85 గేట్లతో కట్టిన బరాజ్. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. సరిగ్గా నాలుగేళ్ళ నాలుగు నెలలు. ప్లానింగులో, డిజైనులో, నాణ్యతలో, నిర్వహణలో కూడా లోపాలున్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఆ నవంబరులోనే చెప్పింది. 2024లో విచారణ కమిషను వేశారు. ఎవరిది ఎంత తప్పో తేల్చడం నా పని కాదు. కాని కోట్లు పోసి కట్టినదాన్ని చూసి అయ్యో అన్న నోటితోనే, సరిగ్గా నేర్చుకుని కట్టాలని కూర్చున్న పిల్లను చూసి కూడా అయ్యో అంటే ఎలా?

ఈ మాటే అంటే మా మరిది నవ్వాడు. "రామప్ప గుడి కట్టినోడు ఏ పరీక్ష రాసిండు వదినా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. పాలంపేట అక్కడికి దగ్గరే. 1213 నాటి గుడి. ఇసుక నింపిన పునాది మీద, నీటిలో తేలేటంత తేలిక ఇటుకల శిఖరంతో నిలబడింది. 2021లో యునెస్కో వాళ్ళు కూడా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కాని ఇసుక మీద అంత రాయి నిలబెట్టినవాళ్ళకు ఇసుక స్వభావం తెలుసు, రాయి స్వభావం తెలుసు. అది ఊరికే ఒంటబట్టే విద్య కాదు. తెలియనిది తెలుసుకునేదాకా పట్టువదలని వాళ్ళు కట్టారు గనుక మనం ఇవాళ వెళ్ళి దండం పెడుతున్నాం.

"సరేగాని, మీ ఇంటికి లెక్కలు కట్టింది ఎవరు?" అన్నాను.

"మేస్త్రీ ముప్పై ఏండ్ల సంది కడుతున్నడు" అన్నాడు.

రెండంతస్తులనుకుని వేసిన పునాది మీద మూడోది లేపారు. హాలు విశాలంగా కనబడాలని మధ్యలో రావలసిన స్తంభం ఒకటి ఎత్తేశారట. ఆ సంగతి మా తోడికోడలే మురిసిపోతూ చూపించింది. ముహూర్తానికి ఇద్దరు పంతుళ్ళను అడిగారు. వాస్తుకు హనుమకొండ నుంచి మనిషిని పిలిపించారు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు. బరువు సంగతి మాత్రం ఎవరినీ అడగలేదు. నేను ఆ హాలు మధ్యలో కూర్చుని రెండు బూరెలు తిన్నాను గాని, మూడోది గొంతు దిగలేదు.

జనగామకు వచ్చాక, అక్కకు మాటిచ్చాను గనుక అమ్మాయికి ఫోను చేశాను. "చాలు బిడ్డా" అని చెప్పడానికే చేశాను, అబద్ధం ఎందుకు? నా మాట పూర్తికాకుండానే అంది:

"చిన్నమ్మా, తప్పుడే మంచిదైంది. భూకంపమొస్తే స్లాబుల నుంచి గోడలకు బలం ఎట్ల పోతదో నాకు సరిగ్గ తెల్వదని ఆ పేపర్లనే తెలిసింది. తెల్వదని తెల్వకుంటనే సంతకం పెట్టి ఉంటే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

అక్కకు ఫోను చేసి అదే మాట అప్పజెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పరీక్ష ఎప్పుడంట? ఆ నెల చంటిదాన్ని చూసుకోను నేను పోనా?" అంది. తలెత్తుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు. పొమ్మన్నాను.

ఇక మనలో మాట. మీ ఇంట్లో ఆడపిల్ల పరీక్ష తప్పి మళ్ళీ రాస్తానంటే, అది దేనికోసం రాసే పరీక్షో ముందు కనుక్కోండి. మీరు ఇల్లు కడుతుంటే, స్తంభాల లెక్క మీద ఎవరు సంతకం పెట్టారో వాస్తు కంటే ముందు అడగండి. అడిగితే మగవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా మరిది నవ్వడం మానేసి, నాతో మాట్లాడడం కూడా మానేశాడు. అయితే మొన్న హనుమకొండ నుంచి ఒక ఇంజనీరును పిలిపించి హాలు చూపించాడని మా తోడికోడలు రహస్యంగా చెప్పింది. ఆయన ఏమన్నాడో ఇంకా చెప్పలేదు.