ఇఫ్తార్ పళ్ళెంలో ద్రాక్ష

కొన్నేళ్ళుగా రంజాన్ మన ద్రాక్ష పంటకాలంలోనే వస్తున్నది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే గతియైన అనంతపురం నేలపై ఈ పండు బోరునీటి చలవ. గుత్తి కుళ్ళితే పాడయ్యేది మన డబ్బొక్కటే కాదు, పాతాళం నుండి తోడిన నీరు కూడా. కోతనాడే పంట హక్కు చెల్లించమనీ, వృథా చేయవద్దనీ దివ్యఖుర్ఆన్ (అన్‌ఆమ్: 141) ఒకేచోట ఆదేశించింది. వాననీటి పంటకు పదవవంతు, శ్రమించి తోడిన నీటి పంటకు ఇరవయ్యోవంతు ఉషర్ అని ప్రవక్త (స) నిర్ణయించారు. బోరుతోటల రైతులకు ఆ తగ్గింపు ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

అరబీలో ఇనబ్ అంటే ద్రాక్ష. హైదరాబాదు తోటల ద్వారా ప్రసిద్ధికెక్కిన అనాబ్-ఎ-షాహీ పేరు అందులోనిదే. కాయ పెద్దది, రసం మెండు, గింజలుంటాయి. దాని నుండి వచ్చిన దిల్‌ఖుష్ కాయ పొడవు. గింజలేని థామ్సన్ కిస్‌మిస్‌కు పేరుపడింది. బెంగుళూరు బ్లూ నల్లనిది, తోలు మందం, వాసన ఘాటు, షర్బత్‌కు బాగుంటుంది. పిల్లలు గింజలేనిదే కోరుతారు గాని, రుచిలో మా మొగ్గు అనాబ్ వైపే. చిన్నపిల్లలకు మాత్రం ఏ రకమైనా గింజ తీసి, నిలువుగా చీల్చి పెట్టాలి. గుండ్రని కాయ గొంతుకు అడ్డుపడవచ్చు.

కోసిన తర్వాత ద్రాక్ష తీపెక్కదు. పుల్లని గుత్తిని కొని మాగబెడదామనుకోవడం వ్యర్థం. కాడ పచ్చగా ఉన్నదా, గుత్తిని మెల్లగా కదిపితే కాయలు రాలుతున్నాయా అని చూడాలి. తెల్లరకాల్లో లేత పసుపు ఛాయ దిగినది తియ్యన. కాయపైని పలుచని బూడిదపొర సహజమైనదే, తాజాదనానికి గుర్తు.

ఇంటికి తేగానే చిట్లిన కాయలు ఏరివేయాలి. ఒక్క కాయ బూజు గుత్తినంతా పట్టుకుంటుంది. కడిగి దాచకూడదు; తినేముందే ధారనీటిలో కడగాలి. చిల్లులున్న సంచిలో ఫ్రిజ్‌లో ఉంచితే వారంపాటు బాగుంటాయి. ఫ్రిజ్ లేనివారు బుట్టలో ఒకే వరుసగా పరచి నీడన ఉంచి, ఒకటి రెండు రోజుల్లో ముగించడం మేలు.

రసం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎండుద్రాక్ష నానబెట్టిన నీటిని ప్రవక్త (స) మూడవనాటి సాయంత్రం దాటి సేవించేవారు కారనీ, ఆపై మిగిలితే ఇతరులకు ఇప్పించడమో పారబోయించడమో చేసేవారనీ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). మన ఎండలకు బయట ఉంచిన రసం అంతకంటే ముందే పులుస్తుంది. కనుక ఏ పూటకు కావలసినది ఆ పూటే పిండుకోవాలి. బుడగలు లేచినా, ఘాటువాసన వచ్చినా రుచి చూడకుండానే పారబోయాలి.